ఎవరికీ చెప్పొద్దన్న ఉత్తరం

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఈమెయిల్ నిదానంగా చదివాను. యుకె నేషనల్ లాటరీలో నీ ఈమెయిల్ ఐడీకి 5 లక్షల పౌండ్లు తగిలాయట. పేరు, పుట్టినతేదీ, బ్యాంకు ఖాతా నంబరు, పాన్ కార్డు ఫొటో పంపమన్నారు. ‘మోసమేనని తెలుసు పెద్దమ్మా, కానీ ఒకవేళ నిజమైతే?’ అని అడిగావు. ఎడ్యుకేషన్ లోను నెత్తిమీద పెట్టుకుని ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లకి ఆమాత్రం అనిపించడంలో తప్పులేదు. అందుకే ఫోన్లో ‘వదిలెయ్’ అని ఒక్కమాటతో తేల్చకుండా వివరంగా రాస్తున్నాను.

అది నిజం కాదు. బ్రిటన్‌లో నేషనల్ లాటరీ ఉన్నమాట వాస్తవమే, 1994 నుంచి నడుస్తోంది. కానీ గెలవాలంటే టికెట్ కొని ఉండాలి. ఊరికే ఈమెయిల్ ఐడీలు పోగేసి డ్రా తీయడం ఆ లాటరీలో లేదు. నువ్వు టికెట్టే కొనలేదు, ఇక తగలడమేమిటి? మోసగాళ్ళు నిజమైన పేరు ఎందుకు పెట్టుకుంటారంటే, అనుమానమొచ్చి నువ్వు గూగుల్లో వెతికితే ఆ సంస్థ కనబడాలి, నీకు ధైర్యం రావాలి. మైక్రోసాఫ్ట్, కోకాకోలా పేర్లతో వచ్చే బహుమతి మెయిళ్ళు, రిజర్వ్ బ్యాంకు గవర్నరు సంతకంతో వచ్చేవి ఈ బాపతే. ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ తరఫున 25 లక్షలు వచ్చాయంటూ అమితాబ్ బచ్చన్ బొమ్మతో వాట్సాప్‌లో తిరిగేదీ ఇదే. రిజర్వ్ బ్యాంకు మామూలు జనం పేర సేవింగ్స్ ఖాతాలు తెరవదు, ఎవరి బహుమతి సొమ్మూ తన దగ్గర దాచిపెట్టదు. ఆ సంగతి తనే ఎన్నోసార్లు ప్రకటించింది.

మన చట్టం కూడా తెలుసుకో. విదేశీ లాటరీ టికెట్లు కొనడానికి మన దేశం నుంచి డబ్బు పంపడాన్ని విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) కింద 2000లో వచ్చిన నిబంధనలు నిషేధించాయి. దేశంలో నడిచే లాటరీలకు 1998 నాటి చట్టం ఉంది. కేరళలాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా నడుపుతున్నాయి. కేరళ లాటరీ 1967లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు లాటరీ లేదు. నిజమైన లాటరీలో నగదు బహుమతి వచ్చినా పన్ను ఇచ్చేవాళ్ళే కోసుకుని మిగతాది ఇస్తారు. ‘ముందు పన్ను కట్టండి, తరవాత బహుమతి పంపుతాం’ అని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపెయ్.

ఇక మోసగాళ్ళు నడిపే పద్ధతి చెబుతాను. నువ్వు వివరాలు పంపగానే అభినందనలతో ఒక సర్టిఫికెట్ వస్తుంది. దానిమీద ముద్రలు, రిఫరెన్సు నంబరు, బ్యాచ్ నంబరు అన్నీ ఉంటాయి. తరవాత ప్రాసెసింగ్ ఫీజంటూ కొన్ని వేలు. అది కట్టాక కొరియర్ ఖర్చు, ఆపైన కస్టమ్స్ సుంకం, కరెన్సీ మార్పిడి రుసుము, ఉగ్రవాద నిధులు కావని ధ్రువపత్రం. ప్రతిసారీ ‘ఇదే ఆఖరిది’ అంటారు. మొదట కట్టింది దక్కించుకోవాలని రెండోసారి కట్టేవాళ్ళే ఎక్కువ. అన్నీ అయ్యాక కొన్నాళ్ళకి ఇంకొకడు ఫోన్ చేస్తాడు. తాను సైబర్ పోలీసుననో, లాయరుననో చెప్పి, పోయిన డబ్బు రప్పిస్తాను, ఖర్చులు కట్టమంటాడు. వాడూ ఆ ముఠావాడే అయి ఉంటాడు, లేదా వాళ్ళ దగ్గర నీ నంబరు కొనుక్కున్నవాడు.

ఇలాంటి మెయిళ్ళలో భాష తప్పులతో ఉంటుందనీ, చూడగానే తెలిసిపోతుందనీ అనుకునేవాళ్ళం. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో ఇలాంటి మోసపు మెయిళ్ళమీద ఒక పత్రం రాశాడు. నమ్మశక్యంకాని కథ చెప్పడంవల్ల మోసగాడికి లాభమే, అనుమానించేవాళ్ళు మొదట్లోనే తప్పుకుంటారు, చివరిదాకా వచ్చేవాళ్ళే మిగులుతారు అని అందులో వాదించాడు. ఇప్పుడు ఏఐతో చక్కటి తెలుగులో కూడా రాయించగలుగుతున్నారు. కాబట్టి తప్పుల్లేవు కదా అని నమ్మకు. కనిపించే పేరుమీద నొక్కి అసలు ఈమెయిల్ చిరునామా చూడు, చాలాసార్లు సంస్థ పేరుకి దానికి పొంతన ఉండదు. అటాచ్‌మెంట్ తెరవకు, యాప్ వేసుకోమంటే వేసుకోకు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

అయినా వీటన్నిటికంటే గట్టి గుర్తు ఒకటి నీకొచ్చిన మెయిల్‌లోనే ఉంది, ఎక్కువమంది పట్టించుకోని గుర్తు. ‘బహుమతి చేతికందేవరకు ఈ విషయం రహస్యంగా ఉంచండి’ అని చివర్లో రాశారు చూడు. అదే వాళ్ళ ప్రాణాధారం. నేను బ్యాంకులో పనిచేసేటప్పుడు ఒక పెద్దాయన ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయించుకోవడానికి వచ్చారు. ఎందుకండీ అంటే ఇంటి మరమ్మతులన్నారు. కానీ ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఎవరిదో సేవింగ్స్ ఖాతాకు పంపమన్నారు. కూర్చోబెట్టి మెల్లగా అడిగితే అప్పుడు జేబులోంచి ఇలాంటి లాటరీ మెయిల్ ప్రింటు తీశారు. లండన్‌లోని లాటరీ ఆఫీసు రుసుము ఎక్కడో ఒక ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాలో ఎందుకు పడాలి? అప్పటికే ఒక విడత కట్టేశారు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ ఒక్క ప్రశ్నతో ఆపేసేది. ఆ ప్రశ్న పడకూడదనే వాళ్ళు రహస్యం రహస్యం అంటారు.

శ్రావణీ, అందరూ దీన్ని అత్యాశ అంటారు. ‘ఆశ లావు, పీక సన్నం’ అని మోసపోయినవాళ్ళని దెప్పుతారు. నేను చూసినవాళ్ళలో అత్యాశాపరులు తక్కువ. కూతురి పెళ్ళి, ఆసుపత్రి బిల్లు, పంట నష్టం, ఇలా ఏదో ఒక అవసరం గొంతుమీద కూర్చున్నవాళ్ళే ఎక్కువ. ఆ దెప్పిపొడుపులకు భయపడే వాళ్ళు ముందు అడగరు, తరవాత ఫిర్యాదూ చెయ్యరు. మోసగాడికి రెండు విధాలా లాభం.

నీ వయసు పిల్లలకి ఇంకో ముప్పు కూడా ఉంది. ‘నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి పంపు, కమిషన్ ఇస్తాం’ అంటారు. హాస్టల్లో ఎవరైనా ఏటీఎం కార్డు, సిమ్ అద్దెకి అడిగినా అంతే. నేను చెప్పిన పెద్దాయనలాంటివాళ్ళ సొమ్ము వెళ్ళి పడేది అలాంటి ఖాతాల్లోనే. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేర ఉందో వాళ్ళ గుమ్మానికే. ఎంత స్నేహితురాలు అడిగినా ఇవ్వకు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. ఆ మెయిల్‌కి జవాబివ్వకు, తిట్టడానికి కూడా. జవాబిస్తే ఆ ఐడీ వాడుకలో ఉందని వాళ్ళకి తెలిసిపోతుంది. స్పామ్‌లో వేసి వదిలెయ్. ఒకవేళ వివరాలు ఇప్పటికే పంపి ఉంటే నాకు దాచకుండా చెప్పు. బ్యాంకుకి తెలియజేసి, పాస్‌వర్డు మార్చి, ఖాతా జాగ్రత్తగా చూసుకుందాం. తెలిసినవాళ్ళెవరైనా డబ్బు పంపేశారంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు, బ్యాంకుకీ చెప్పించు. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో సొమ్ము ఆపడానికి అంత అవకాశం, ఇంకో ఖాతాకి మళ్ళిందంటే కష్టమైపోతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. మెయిళ్ళు, స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబర్లు చెరిపెయ్యకూడదు, అవే సాక్ష్యం. ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ళదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా ఉన్నాయి.

ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మీ అమ్మతో, నాన్నతో, తాతగారితో ఒక మాట అనుకోండి. డబ్బు అడిగే మెయిల్‌గానీ ఫోన్‌గానీ వస్తే రూపాయి కదిలేముందు ఇంట్లో ఒకరికి చెప్పాలి. విన్నవాళ్ళు నవ్వకూడదు, ‘ఆమాత్రం తెలియదా’ అనకూడదు. తాతగారు చెప్పినా సరే, నువ్వు చెప్పినా సరే. నువ్వు నాకు రాసి మంచిపని చేశావు. ఇకముందు కూడా ఎంత చిన్న అనుమానమైనా, ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ