రూపాయి జాడ పట్టిన కలం

వార్తాపత్రిక చేతికి రాగానే కొందరు ఆటల పుట తెరుస్తారు. మరికొందరు సినిమా పుట చూస్తారు. అంకెలతో నిండిన వాణిజ్య పుటను మాత్రం చాలామంది చదవకుండానే తిప్పేస్తారు. కాని నాన్నగారు బ్యాంకులో దాచుకొన్న సొమ్ము, తాతగారి పింఛను, అక్క పెళ్ళికని కూడబెట్టిన మొత్తం – వీటి మంచిచెడ్డలు ఆ పుటలోనే ఉంటాయి. ఆ అంకెల వెనుక దాగిన నిజాన్ని సామాన్యులకు తెలియజెప్పేవారే వాణిజ్య పాత్రికేయులు. అటువంటివారిలో సుచేతా దలాల్ ఒకరు.

సుచేత 1962లో జన్మించారు. బెళగావిలో పాఠశాల చదువు, ధార్వాడలోని కర్ణాటక కళాశాలలో గణాంకశాస్త్రం పూర్తిచేశారు. బొంబాయి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించారు. అంకెలను తూచి చూడటం మొదటి చదువు నేర్పితే, సాక్ష్యం లేనిదే మాట అనరాదని రెండవ చదువు నేర్పింది. 1980 దశకంలో పత్రికారంగంలో ప్రవేశించి, బిజినెస్ స్టాండర్డ్, ఎకనమిక్ టైమ్స్ పత్రికలలో పనిచేశారు. తరువాత టైమ్స్ ఆఫ్ ఇండియాలో చేరారు.

ఆ రోజుల్లో బొంబాయి వాటాల విపణిలో హర్షద్ మెహతా అనే బ్రోకరు పేరు మారుమ్రోగుతుండేది. అతడు కొన్న వాటాల ధరలు ఆకాశాన్నంటేవి. సుమారు 200 రూపాయలున్న ఏసీసీ సిమెంటు కంపెనీ వాటా 9,000 రూపాయల దాకా పెరిగింది. అందరూ అతని తెలివిని పొగిడారు. “ఇంత డబ్బు అతనికి ఎవరిచ్చారు?” అన్న ప్రశ్నకు జవాబు వెదికినవారు మాత్రం అరుదు. సుచేత ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు.

1992 ఏప్రిల్ 23న ఆమె రాసిన వార్త టైమ్స్ ఆఫ్ ఇండియాలో వెలువడింది. ఒక పెద్ద బ్రోకరు నుంచి భారతీయ స్టేట్ బ్యాంకుకు సుమారు 500 కోట్ల రూపాయలు రావలసి ఉందన్నదే దాని సారాంశం. దేశం నివ్వెరపోయింది.

అసలు జరిగిందేమిటి? మనం బంగారం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకొన్నట్లే, డబ్బు అవసరమైన బ్యాంకు తన వద్దనున్న ప్రభుత్వ బాండ్లను మరో బ్యాంకుకు అమ్మి, కొద్ది రోజుల తరువాత తిరిగి కొనుక్కొనేది. చాలాసార్లు బాండ్లు చేతులు మారేవి కావు. వాటికి బదులు ‘బ్యాంకు రసీదు’ అనే కాగితం చేతులు మారేది. ఈ లావాదేవీని కుదిర్చేవాడు బ్రోకరు. ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు చేరవలసిన సొమ్ము మధ్యలో బ్రోకరు ఖాతాలో పడసాగింది. వెనుక బాండ్లు లేని ఉత్తుత్తి రసీదులు కూడా పుట్టాయి. ఆ సొమ్ముతో వాటాలు కొని ధరలు పెంచారు. అంటే ప్రజలు దాచుకొన్న డబ్బే జూదానికి పెట్టుబడి అయింది.

రిజర్వు బ్యాంకు నియమించిన జానకిరామన్ సంఘం ఈ అక్రమాల విలువను సుమారు 4,000 కోట్ల రూపాయలుగా లెక్కకట్టింది. ఉత్తుత్తి రసీదులిచ్చిన బ్యాంక్ ఆఫ్ కరాడ్ దివాలా తీసింది. తప్పు చేసినవారు కొందరే అయినా, వాటాలు కొన్న వేలాది చిన్న మదుపరులు నష్టపోయారు. సుచేత, ఆమె భర్త దేబాశిష్ బసు కలిసి ఈ ఉదంతాన్ని 1993లో ‘ది స్కామ్’ అనే గ్రంథంగా ప్రచురించారు. 2006లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది.

అదే 2006లో ఆమె జీవితం మరో మలుపు తిరిగింది. దేబాశిష్ బసు ‘మనీలైఫ్’ అనే పక్షపత్రికను స్థాపించగా, ఆమె దానిలో భాగస్వామి అయ్యారు. క్రమంగా అది అంతర్జాలంలోనూ వార్తలందించే సంస్థగా ఎదిగింది. అంతర్జాలంలో కాగితం ఖర్చు లేదు. వార్త క్షణాల్లో ఊరూరా చేరుతుంది. కాని చిక్కు మరొకటి ఉంది. ఏ కంపెనీ తప్పును బయటపెట్టాలో, ఆ కంపెనీయే ప్రకటనలిచ్చి సంస్థను పోషిస్తుంటే కలం కదులుతుందా? అందుకే ఇటువంటి సంస్థలకు చందా కట్టే పాఠకుడే నిజమైన అండ. 2010లో ఈ దంపతులు మనీలైఫ్ ఫౌండేషన్ స్థాపించి, పొదుపు, బీమా, పెట్టుబడుల గురించి ప్రజలకు ఉచితంగా బోధించే ఏర్పాటు చేశారు.

2015లో ఈ చిన్న సంస్థకు పెద్ద పరీక్ష ఎదురైంది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కొందరు బ్రోకర్లకు ఇతరులకన్నా ముందుగా ధరల సమాచారం అందుతోందని ఆరోపిస్తూ పేరులేని లేఖ ఒకటి వచ్చింది. సుచేత దానిని వెంటనే ప్రచురించలేదు. ఎక్స్ఛేంజి అధికారులకు ప్రశ్నలు పంపి వివరణ కోరారు. జవాబు రాకపోవడంతో జూన్‌లో మనీలైఫ్ ఆ విషయం వెల్లడించింది. ఎక్స్ఛేంజి 100 కోట్ల రూపాయల పరువునష్టం దావా వేసింది. ఆ వ్యాసాన్ని నిలిపివేయాలన్న అభ్యర్థనను బొంబాయి హైకోర్టు సెప్టెంబరులో తోసిపుచ్చి, 50 లక్షల రూపాయలు చెల్లించవలసిందిగా ఎక్స్ఛేంజిని ఆదేశించింది. అందులో అధికభాగం ఆసుపత్రులకు ఇవ్వాలన్నది.

ముందుగా వివరణ కోరడమే ఆనాడు ఆమెకు రక్షణ కవచమైంది. కలానికి ధైర్యం ఎంత అవసరమో, ఎదుటివారి మాట వినే ఓర్పూ అంతే అవసరం. అచ్చుయంత్రం పోయి తెర వచ్చినా ఈ ధర్మం మారలేదు. పాఠకులమైన మనకూ ఒక ధర్మముంది. ఎవరైనా తక్కువ కాలంలో ఎక్కువ లాభమని ఆశ చూపితే, “ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?” అని అడగాలి. ఆ ప్రశ్న అడగడం నేర్చిన ఇంట్లో పొదుపు సొమ్ము భద్రంగా ఉంటుంది.

కఠిన పదాలకు అర్థాలు
విపణి – అంగడి, మార్కెట్టు
మదుపరి – లాభం కోసం డబ్బు పెట్టేవాడు
నివ్వెరపోవు – ఆశ్చర్యంతో నిశ్చేష్టుడగు
ఉదంతం – జరిగిన వృత్తాంతం

అభ్యాసం
I. ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. సుచేత చదివిన రెండు శాస్త్రాలు ఆమె వృత్తికి ఎట్లా తోడ్పడ్డాయి?
2. బ్యాంకుల సొమ్ము వాటాల విపణికి ఏ విధంగా చేరింది?
3. ప్రకటనలపైనే ఆధారపడే వార్తాసంస్థకు వచ్చే చిక్కు ఏమిటి?
4. పేరులేని లేఖ అందినప్పుడు సుచేత ఏం చేశారు? మీరైతే ఏం చేసేవారు?

II. సంధులు విడదీసి, పేర్లు రాయండి.
ఎవరిచ్చారు, విశ్వవిద్యాలయం

III. విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.
మంచిచెడ్డలు, రక్షణ కవచం

IV. మీ ఊరి బ్యాంకుకో, తపాలా కార్యాలయానికో వెళ్ళి, అక్కడి పొదుపు పథకాల వివరాలు తెలుసుకొని పది వాక్యాల్లో రాయండి.