ప్రాదేశిక సేన

సైనికుడనగానే శిబిరంలో జీవితమంతా గడిపే వీరుడు మన కళ్లముందు మెదలుతాడు. కాని తన వృత్తిలోనే ఉంటూ, పిలుపు రాగానే ఆయుధం పట్టే పౌరసైనికుడూ ఉన్నాడు. అట్టివారి సేనయే ప్రాదేశిక సేన. 1948 నాటి చట్టంతో రూపొందిన ఈ సేనను 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాలలో ఇది పాల్గొన్నది. 1982లో ఏర్పడిన దీని తొలి పర్యావరణ దళం, సున్నపురాతి గనుల వల్ల బోడివారిన ముస్సోరీ కొండలను మొక్కలతో పచ్చబరచింది.

పిలుపు వచ్చిన నాడు పౌరసైనికుడు ఆలుబిడ్డలను, కొలువును విడిచి కదలాలి. తిరిగి వచ్చేసరికి ఆ కొలువు ఉంటుందా? ఈ భయం అతనిని వెనక్కి లాగరాదనే, యజమాని అతనిని మళ్లీ పనిలోకి తీసుకోవాలని చట్టం నిర్దేశించింది. దేశరక్షణలో పిలుపునందుకొన్నవానికే కాదు, అతని చోటును కాపాడినవానికీ పాలు ఉన్నది.