ఏ పనికి ఏ మైక్రోకంట్రోలర్?

మనలో చాలామందికి బీటెక్ ల్యాబులో 8051 కిట్టు మీద హెక్స్ కోడ్లు కొట్టిన జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇంటెల్ 1980లో తెచ్చిన ఆ చిప్పులో ఉన్న ర్యామ్ 128 బైట్లు. ఇవాళ మనం రాసే ఒక ఈమెయిలు కూడా అందులో పట్టదు! ఆ తరువాత మనం జావాలోకో, డేటాబేసుల్లోకో వెళ్ళిపోయాం. హార్డ్‌వేర్ సంగతి మరిచిపోయాం. పిల్లల సైన్సు ప్రాజెక్టు వల్లనో, ఇంటి అవసరం వల్లనో మళ్ళీ అటు చూస్తే, బజారులో ఉన్న చిప్పుల పేర్లు చూసి కళ్ళు తిరుగుతాయి. వీటిలో ఏది కొనాలి?

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మన చెయ్యి సహజంగా పెద్దదాని మీదకే పోతుంది. ఎక్కువ మెగాహెర్ట్జ్, ఎక్కువ మెమరీ. తక్కువైతే ఇబ్బంది గానీ ఎక్కువైతే నష్టమేముంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ నష్టం ఏమిటో మా నాన్నగారి మోకాళ్ళు నాకు నేర్పాయి. ఆ కథ చెబుతూనే ఈ నెల పాఠం చెప్పుకుందాం.

డాబా మీద ట్యాంకు

తెనాలిలో మా ఇంట్లో నీళ్ళ ట్యాంకు డాబా మీద ఉంది. మోటారు స్విచ్చి కింద వరండాలో. ట్యాంకు నిండిందో లేదో తెలియాలంటే మేడ మెట్లన్నీ ఎక్కి, ఆ పైన ఇనప నిచ్చెన ఎక్కి మూత తీసి చూడాలి. డెబ్భై దాటిన నాన్నగారు రోజుకు రెండుసార్లు ఆ పని చేసేవారు. ఒకసారి నిచ్చెన మీద కాలు జారింది. దెబ్బ పెద్దది కాకపోయినా అమ్మ ఫోనులో ఏడ్చింది.

ఆ సెలవులకి వెళుతూ డాలస్‌లోనే ఒక పరికరం తయారుచేసి పట్టుకెళ్ళాను. ఈఎస్పీ 32 బోర్డు, నీటి మట్టం కొలిచే సెన్సర్, నాలుగు పెన్సిల్ సెల్స్. అయిదు నిమిషాలకోసారి నిద్ర లేచి, మట్టం కొలిచి, వైఫై ద్వారా పంపించి మళ్ళీ నిద్రపోతుంది. ఫోనులో రంగురంగుల గ్రాఫు. మా డాలస్ ఇంట్లో రెండు వారాలు చక్కగా పనిచేసింది, అదీ యూఎస్‌బీ తీగకి తగిలించి! బయలుదేరే ముందు రోజు దాన్ని డాబా మీద బిగించి విమానం ఎక్కాను.

ఇక్కడ దిగి జెట్‌లాగ్ తీరకముందే ఫోను. "ఒరేయ్, నీ యంత్రం పలకడం లేదు." సెల్స్ అయిపోయాయి. కొత్తవి వేశారు. మూడో రోజుకి అవీ అయిపోయాయి. నెల తిరక్కుండా నాన్నగారు అన్న మాట ఇది: "ఇదివరకు ట్యాంకు చూడ్డానికి ఎక్కేవాణ్ణి. ఇప్పుడు నీ యంత్రాన్ని చూడ్డానికి కూడా ఎక్కుతున్నానురా."

లెక్క ఎక్కడ తప్పింది?

బ్యాటరీ మీద నడిచే ఏ పరికరానికైనా ముందు వేయవలసిన లెక్క ఒకటే. మెలకువగా ఉన్నప్పుడు తాగే కరెంటుని రోజులో మెలకువగా ఉండే గంటలతో గుణించండి. నిద్రలో తాగే కరెంటుని 24తో గుణించండి. రెండూ కూడితే రోజు వాడకం. బ్యాటరీ సామర్థ్యాన్ని దానితో భాగిస్తే ఎన్ని రోజులు వస్తుందో తెలుస్తుంది. మామూలు ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌కి సుమారు 2000 మిల్లీఆంపియర్-గంటలు అనుకుందాం. నాలుగు వరసగా కలిపితే వోల్టేజి పెరుగుతుంది గానీ ఈ అంకె పెరగదు.

నేను కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. అయిదు నిమిషాలకోసారి అంటే రోజుకు 288 సార్లు. సారికి 4 సెకన్లు మెలకువ. మొత్తం 1152 సెకన్లు, అంటే 0.32 గంటలు. వైఫై నడుస్తుండగా సగటున 100 మిల్లీఆంపియర్లు. గుణిస్తే 32. గాఢ నిద్రలో ఈఎస్పీ 32 తాగేది 10 మైక్రోఆంపియర్లే కాబట్టి 24 గంటలకీ పావు మిల్లీఆంపియర్-గంట. 2000ని 32తో భాగిస్తే రెండు నెలలు. బాగానే ఉంది కదా?

మొదటి తప్పు: 10 మైక్రోఆంపియర్లు చిప్పు లెక్క, బోర్డు లెక్క కాదు. నేను వాడిన బోర్డు మీద 6 వోల్టులని 3.3 వోల్టులకి దించే రెగ్యులేటర్ ఉంది. ఇలాంటి చవక బోర్డుల్లో తరచు కనిపించే ఏఎమ్ఎస్ 1117 రకం అది. చిప్పు నిద్రపోయినా అది నిద్రపోదు, తన పోషణకే సుమారు 5 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. రోజుకు 120! రెండు నెలలు కాస్తా పదమూడు రోజులైంది.

రెండో తప్పు ఇంకా పెద్దది, అది పూర్తిగా నాది. నాన్నగారికి రాత్రి పడుకునే ముందు రౌటర్ స్విచ్చి కట్టేసే అలవాటు. డాలస్‌లో రౌటర్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నాకు ఆ ఆలోచనే రాలేదు. వైఫై దొరికేదాకా ప్రయత్నిస్తూనే ఉండమని కోడు రాశాను, గడువు పెట్టలేదు. ఎనిమిది గంటలు డాబా మీద ఆ పరికరం మేలుకుని లేని రౌటర్‌ని వెతుకుతూ కూర్చుంది. రాత్రికి 800. అన్నీ కూడితే రోజుకు 940 పైనే. 2000 ఎన్ని రోజులొస్తుంది? రెండు రోజుల పైచిలుకు!

ఇందులో చిప్పు తప్పేమీ లేదు. దాన్ని ఆ చోట పెట్టిన నాదే తప్పు. చిప్పుని ఎంచుకునే ముందు నన్ను నేను వేసుకోవలసిన ప్రశ్నలు అయిదు. ఇవి ఏ ప్రాజెక్టుకైనా పనికొస్తాయి.

1. కరెంటు ఎక్కడి నుంచి?

గోడ ప్లగ్గు ఉంటే సగం చింత తీరినట్టే, ఏ చిప్పయినా ఫరవాలేదు. బ్యాటరీ అయితే చూడవలసింది వేగం కాదు, నిద్ర. ఎందుకంటే ఇలాంటి పరికరాలు రోజులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు చేసే పని ఏమీ చేయకపోవడమే. రాస్‌బెరీ పై సంస్థ 2021లో విడుదల చేసిన ఆర్పీ 2040 చిప్పులో రెండు కోర్లు, 264 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి. నేర్చుకోవడానికి చక్కటి చిప్పు. కానీ దాని గాఢ నిద్రలో కూడా మిల్లీఆంపియరులో సుమారు అయిదో వంతు తాగుతుంది. ఆర్డుయినో ఊనోలో వాడే పాత ఏటీమెగా 328పి చిప్పుని విడిగా వాడితే, వాచ్‌డాగ్ టైమర్ నడుస్తుండగా కూడా సుమారు 5 మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. దాదాపు నలభయ్యో వంతు.

విడిగా అన్నాను, గమనించండి. అదే చిప్పుని ఊనో బోర్డుతో సహా వాడితే యూఎస్‌బీ చిప్పు, రెగ్యులేటర్, వెలిగే దీపం అన్నీ కలిసి దాదాపు 45 మిల్లీఆంపియర్లు తాగుతాయి. అప్పుడు పెన్సిల్ సెల్స్ రెండు రోజులు కూడా రావు. బోర్డు నేర్చుకోవడానికి, చిప్పు బిగించడానికి అన్నమాట.

2. దానికి ఏమేమి తగిలించాలి?

ఎన్ని పిన్నులు కావాలి, ఏ వోల్టేజి? ఈఎస్పీ 32 పిన్నులు 3.3 వోల్టులవి. బాగా ప్రచారంలో ఉన్న అల్ట్రాసానిక్ సెన్సర్లు చాలావరకు 5 వోల్టులవి. వాటి జవాబు తీగని నేరుగా తగిలిస్తే చిప్పు పాడైపోవచ్చు, మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ఈఎస్పీ 32లో రెండు ఏడీసీలు ఉన్నా, వైఫై నడుస్తున్నప్పుడు రెండోదానితో కొలవలేం. డేటాషీటులో ఇలాంటివి ఎక్కడో మూల ఉంటాయి. కొన్నాక కాక, కొనే ముందే చదవండి.

3. ఎంత దూరం, ఎంత సమాచారం?

ఫోటోలు పంపాలంటే వైఫై తప్పదు. ట్యాంకు సంగతి అలా కాదు. పైనుంచి కిందకి పంపవలసింది నాలుగైదు బైట్లు. దీనికి లోరా రేడియో సరిపోతుంది, రౌటరుతో పనిలేదు. అయితే ఇక్కడ మనలాంటి వాళ్ళకి ఒక హెచ్చరిక. అమెరికాలో దొరికే లోరా మాడ్యూళ్ళు సాధారణంగా 915 మెగాహెర్ట్జ్‌వి. ఇండియాలో లైసెన్సు లేకుండా వాడుకోదగినది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య. ఇక్కడ కొని సూట్‌కేసులో వేసుకెళ్ళే ముందు 868 అని రాసి ఉన్న రకం చూసుకుని, సరైన బ్యాండుకి సెట్ చేయండి.

4. లెక్కలు ఎంత, మెమరీ ఎంత?

మనం ముందు అడిగే ప్రశ్న నాలుగోది కావడం మీరు గమనించే ఉంటారు. మాట గుర్తుపట్టాలన్నా, వెబ్ పేజీ చూపించాలన్నా ఈఎస్పీ 32 లాంటి 240 మెగాహెర్ట్జ్, 520 కిలోబైట్ల ర్యామ్ ఉన్న చిప్పు కావాలి. మూడు స్విచ్చిలు చదివి ఒక మాట పంపడానికి 2 కిలోబైట్ల ర్యామ్, 32 కిలోబైట్ల ఫ్లాష్ ఉన్న ఏటీమెగా చాలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది ఒక్క మెగాహెర్ట్జ్‌తో నడిచేలా సెట్ అయి ఉంటుంది. నేను దాన్ని మార్చను కూడా మార్చలేదు. వేగం తగ్గితే తక్కువ వోల్టేజికి కూడా ఓర్చుకుంటుంది. సెల్స్ నీరసించి 1.8 వోల్టులకి దిగేదాకా పనిచేస్తుంది.

5. రేపు ఎవరు బాగుచేస్తారు?

2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు ఎస్టీఎమ్ 32 రకాలు నెలల తరబడి దొరకక ఎందరో డిజైన్లు మార్చుకోవలసి వచ్చింది. మీ ప్రాజెక్టు ఒక్కటే కావచ్చు, కానీ అది ఉండేది మీకు ఎనిమిది వేల మైళ్ళ దూరంలో. కాళ్ళున్న పెద్ద చిప్పు, సాకెట్టులో గుచ్చేది అయితే ప్రోగ్రాము ఎక్కించిన ఇంకొకటి డ్రాయరులో పెట్టి రావచ్చు. తీసి మార్చడం వీధిలో రేడియోలు బాగుచేసే అబ్బాయి కూడా చేయగలడు.

రెండో ప్రయత్నం

మరుసటి సెలవులకి వెళ్ళే ముందు, ఆఫీసులో ప్రతి ప్రాజెక్టుకీ చేసే పనే ఇంటికీ చేశాను. వాడేవాళ్ళని అడిగాను. "నాకు గ్రాఫులెందుకురా? మోటారు వెయ్యాలా, కట్టెయ్యాలా, అంతే చెప్పు" అన్నారు నాన్నగారు. అంటే సెంటీమీటర్లలో మట్టం అక్కర్లేదు. అడుగున, సగంలో, పైన మూడు ఫ్లోట్ స్విచ్చిలు చాలు. అవి ఊరికే ఉన్నప్పుడు కరెంటు తాగవు.

డాబా మీద ఏటీమెగా 328పి, లోరా రేడియో, రెండు పెన్సిల్ సెల్స్, రెగ్యులేటర్ లేకుండా. కింద మోటారు స్విచ్చి పక్కన, ఫోను చార్జరుకి తగిలించి అదే పాత ఈఎస్పీ 32, ఇంకో లోరా రేడియో, మూడు దీపాలు, నిండగానే మోగే ఒక బజర్. రౌటర్ ఉంటే నాకూ కబురు వస్తుంది, లేకపోతే లేదు. నాన్నగారి దీపాలు మాత్రం రౌటరు మీద ఆధారపడవు. పావుగంట సేపు పైనుంచి కబురు రాకపోతే పసుపు దీపం వెలుగుతుంది. పైనున్న సెల్స్ వోల్టేజి కూడా ప్రతి కబురులో ఉంటుంది.

లెక్క మళ్ళీ వేద్దాం. రోజుకు 288 సార్లు, సారికి అర సెకను, మొత్తం 0.04 గంటలు. ఆ అర సెకనంతా 50 మిల్లీఆంపియర్లు తాగుతుందని కాస్త ఎక్కువే వేసుకున్నా 2 మిల్లీఆంపియర్-గంటలు. నిద్రలో అన్నీ కలిపి 10 మైక్రోఆంపియర్లు, అంటే మరో పావు. 2000ని 2.25తో భాగిస్తే దాదాపు 890 రోజులు. కాగితం లెక్కలో సగమే నమ్మడం ఇప్పుడు నేర్చుకున్నాను కాబట్టి, ఏడాదికి పైగా.

ఈసారి కూడా ఒక గుంట ఉంది గానీ ముందే చూసుకున్నాను. స్విచ్చి చదవడానికి చిప్పు లోపలి పుల్-అప్ రెసిస్టర్ వాడతాం కదా. ట్యాంకు నిండి మూడు స్విచ్చిలూ మూసుకుని ఉంటే, వాటి గుండా పావు మిల్లీఆంపియర్ కారుతూనే ఉంటుంది. రోజుకు 6, అంటే మిగతా అన్నిటికంటే ఎక్కువ! అందుకని చదివే క్షణంలోనే పుల్-అప్ వేసి, వెంటనే తీసేయాలి. రెండు లైన్ల కోడు. 890 రోజులకీ, 240 రోజులకీ మధ్య తేడా ఆ రెండు లైన్లే.

మీ దగ్గర ఏదైనా బ్యాటరీ ప్రాజెక్టు ఉంటే, చిప్పు కొనే ముందు పై లెక్క ఒకసారి వేయండి. వేశాక బ్యాటరీ తీగకి మల్టీమీటర్ వరసలో పెట్టి, పరికరం నిద్రపోయినప్పుడు నిజంగా ఎంత తాగుతోందో కొలవండి. రెండు అంకెలూ కలవకపోతే ఏదో బోర్డు మీద మేలుకునే ఉందన్నమాట. ఇంకొకటి, పరికరాన్ని అది ఉండబోయే ఇంటి అలవాట్లతో పరీక్షించండి. కనీసం రౌటర్ ఒక రాత్రి కట్టేసి చూడండి.

తెనాలిలో ఆ సెల్స్ వేసి ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. ఇంకా మార్చలేదు. నాన్నగారితో ఆదివారాలు మాట్లాడుతున్నప్పుడు ఆ యంత్రం ఊసే రావడం లేదు. మొదట్లో కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, తరువాత అర్థమైంది, అంతకంటే మంచి మార్కులు దానికి ఎవరూ వేయలేరని.

వచ్చే నెల మరో విషయంతో కలుద్దాం. సెలవు.