గ్యాలరీలో కూర్చోబోయే మనవరాలికి

తణుకు

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పెట్టిన మెసేజీ మీ అమ్మమ్మ చదివి వినిపించింది. హాస్టల్ పిల్లలంతా కలిసి విశాఖలో మ్యాచ్ చూడ్డానికి వెళ్తున్నారనీ, అవతలి జట్టువాళ్ళు మంచి షాట్ కొడితే చప్పట్లు కొట్టాలా వద్దా అనీ అడిగావట. కొడితే పక్కవాళ్ళు ఎగాదిగా చూస్తారేమోనని బెంగ కూడానట. ఫోన్లో అయితే 'కొట్టు' అని ఒక్క ముక్కలో తేల్చేద్దును. కానీ నువ్వు స్కూలు జట్టులో బౌలింగ్ వేస్తున్న పిల్లవి. రేపెప్పుడో బౌండరీ తాడు దగ్గర నిలబడి, వెనకాల జనం ఏమంటున్నారో వినాల్సినదానివి. అందుకని కాగితమే తీశాను. డ్రిల్లు మాస్టారి ఉత్తరం, కాస్త పొడుగే ఉంటుంది.

ముందు నువ్వు నమ్మకూడని మాటొకటి చెప్తాను. మ్యాచ్‌కి వెళ్ళినవాళ్ళు రెండు జట్లనీ ఒకే కంట చూడాలంటారు పెద్దమనుషులు. అంత వైరాగ్యం ఉన్నవాడు ఇంట్లో కూర్చుని భాగవతం చదువుకోవచ్చు, టికెట్ డబ్బులు దండగ. 2005 ఏప్రిల్ 5న విశాఖ కొత్త స్టేడియంలో పాకిస్తాన్‌తో మొదటి వన్డే జరిగినప్పుడు, అప్పటికింకా పెద్దగా పేరు లేని ధోనీ మూడో స్థానంలో దిగి 123 బంతుల్లో 148 కొట్టాడు. ఆ రోజు గొంతు పోనివాడు ఆ గ్యాలరీలో ఉన్నాడంటే నేను నమ్మను. మనవాళ్ళు గెలవాలని కోరుకో, కేకలెయ్యి, ఈల వెయ్యి. ఈల వెయ్యడం ఆడపిల్లలకి కూడదని ఎవరైనా అంటే నా పేరు చెప్పు.

హద్దు ఎక్కడుందంటే, బంతినీ బ్యాటునీ చూసి అరిచినంతసేపూ నువ్వు ఆటలో ఉన్నట్టే. ఆడేవాడి రంగు, మతం, వాళ్ళమ్మ, వాళ్ళావిడ నీ నోట్లోకి వచ్చాయా, ఇక నువ్వు చూస్తున్నది ఆట కాదు.

హైదరాబాద్ సిరాజ్ సంగతి నీకు తెలుసు. 2020 నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగా ఇక్కడ తండ్రి పోయాడు. ఆటో నడిపి కొడుకుని పెంచిన మనిషి. అంత్యక్రియలకి రాకుండా అక్కడే జట్టుతో ఉండిపోయాడు కుర్రాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు. నాలుగో రోజు, 10వ తేదీన, బౌండరీ దగ్గర నిలబడ్డ సిరాజ్ వెనకనుంచి మాటలు పడ్డాయి. గొడవకి దిగకుండా నేరుగా అంపైర్ దగ్గరికి నడిచాడు. కెప్టెన్ రహానే వచ్చాడు, ఆట దాదాపు పది నిమిషాలు ఆగింది, పోలీసులు ఆరుగురిని బయటికి పంపేశారు. తరవాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ చేసి, జాతిపేరుతో దూషించడం జరిగిన మాట నిజమేనని ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది. అయితే బయటికి పంపిన ఆరుగురూ ఆ మాటలన్నవాళ్ళు కాదని కూడా తేల్చింది. అన్నవాడు గుంపులో కలిసిపోయాడు. గుంపులో ఉన్న ధైర్యం అంతా అదే కదా, మొహం కనబడకపోవడం.

నీకెప్పుడైనా అలాంటిది ఎదురైతే సిరాజ్ చేసినట్టే చెయ్యి. ఆట ఆపించు, అంపైర్‌కి చెప్పు. పళ్ళబిగువున ఓర్చుకోవడమే గొప్ప అని చెప్పేవాళ్ళుంటారు, వినకు.

ఆ సిడ్నీ టెస్టులోనే మర్నాడు మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి, తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో, 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు. అవతల అశ్విన్ నడుం నొప్పితో 128 బంతులు. ఇద్దరూ కలిసి ఓడిపోవాల్సిన మ్యాచ్‌ని డ్రా చేశారు. ఇక్కణ్ణుంచి ఓ కేంద్రమంత్రి, విహారి క్రికెట్‌ని హత్య చేశాడన్నట్టు ట్వీట్ పెట్టారు. పేరేమో 'బిహారీ' అని రాశారు! విహారి తిరిగి ఒక్క మాట అనకుండా తన పేరు మాత్రం సరిదిద్ది ఊరుకున్నాడు. నాకు ఆ జవాబు ఆ ఇన్నింగ్స్ అంత ముచ్చటగా ఉంటుంది. టెస్టులో బంతిని వదిలేయడం కూడా ఆటేనని తెలియకపోతే గ్యాలరీలో కూర్చున్నా, ఢిల్లీలో కూర్చున్నా ఒకటే. అందుకే చెప్తున్నాను, మంచి ప్రేక్షకురాలివి కావాలంటే మర్యాదకన్నా ముందు ఆట తెలియాలి. బౌలర్ ఎందుకు ఫీల్డర్‌ని మార్చాడో కనిపెట్టగలిగితే, అవతలివాడి ఫోర్‌కి నీ చేతులు వాటంతటవే కదుల్తాయి. అప్పుడు నన్నడగక్కర్లేదు.

మన హైదరాబాద్ వాడు కదా అని సిరాజ్ చేసిందల్లా వెనకేసుకురాను. 2024 డిసెంబరులో అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్ 140 కొట్టాక సిరాజ్ యార్కర్‌తో బౌల్డ్ చేశాడు. గొప్ప బంతి. ఆ తరవాత చెయ్యి ఊపి పెవిలియన్ దారి చూపించడం దేనికి? మ్యాచ్ ఫీజులో 20 శాతం జరిమానా పడింది. అడిలైడ్ హెడ్ సొంతూరు, అక్కడి జనం సిరాజ్ బంతి పట్టినప్పుడల్లా 'బూ' అన్నారు. నన్నడిగితే అది సిడ్నీలో పడ్డ మాటలతో సమానం కాదు. చేసిన పనికి వేసిన కేక అది. సిడ్నీలో పడ్డది అతని పుట్టుక మీద. మైదానంలో నువ్వు ఎగిరితే గ్యాలరీ ఎగురుతుంది, ఆ సంగతి బౌలర్‌వి కాబట్టి నీకు ముఖ్యం. వికెట్ పడితే మీవాళ్ళ వైపు తిరిగి గంతెయ్యి. అవుటైనవాళ్ళ వైపు తిరక్కు.

ఇక నువ్వు వెళ్తున్న విశాఖ సంగతి. 2019 ఫిబ్రవరి 24, ఆస్ట్రేలియాతో టీ20. పుల్వామాలో 40 మంది జవాన్లు చనిపోయి అప్పటికి పది రోజులు. ఆట మొదలుకాక ముందు రెండు నిమిషాల మౌనం పాటించమన్నారు. ఆటగాళ్ళు వరసగా తలవంచుకు నిలబడ్డారు. గ్యాలరీలో కొందరు నినాదాలు మొదలుపెట్టారు, భక్తి పొంగి. కోహ్లీ అలా నిలబడే పెదవుల మీద వేలు పెట్టి 'ష్' అన్నట్టు సైగ చెయ్యాల్సొచ్చింది. మైదానంలో కోహ్లీకన్నా ఎక్కువ కేకలేసేవాడెవడు? అలాంటివాడు మనకి మౌనం నేర్పాల్సి వచ్చింది చూడు.

అదే మ్యాచ్ చివరి ఓవర్లో ఆస్ట్రేలియాకి 14 పరుగులు కావాలి. ఉమేష్ యాదవ్ బంతి తీసుకున్నాడు. ఆఖరి బంతికి మనం ఓడాం. ఆ రాత్రి నుంచి ఫోన్లలో ఉమేష్‌ని తిట్టని తిట్టు లేదు. మనం కొట్టిన 126 పరుగులే చాలా తక్కువని ఒక్కడికీ గుర్తు రాలేదు.

ఈ తిట్లు ఎక్కణ్ణుంచి పుడతాయో మన జిల్లాలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలా? సంక్రాంతికి బరి దగ్గర చూడు. పందెం కాయనివాడు పుంజు ఎగిరిన తీరు చూస్తాడు, 'ఆహా' అంటాడు. కాసినవాడికి పుంజు కనబడదు, నోట్లే కనబడతాయి. ఓడిన పుంజుని అతను చూసే చూపు నేను వర్ణించను. క్రికెట్‌కీ ఇప్పుడదే పట్టుకుంది. మన ఊళ్ళో టీ కొట్టు దగ్గర క్యాచ్ వదిలేసిన కుర్రాణ్ణి ఎవడైనా అమ్మా ఆలీ తిడుతున్నాడంటే, దేశభక్తి అనుకోకు, ఎంత పెట్టాడో కనుక్కో. నీ స్నేహితురాళ్ళలో ఎవరి ఫోన్లోనైనా ఆ బెట్టింగ్ యాప్‌లుంటే నయాన చెప్పి తీయించెయ్. వినకపోతే వాళ్ళ పక్కన కూర్చోకు.

జనాన్నే తిట్టి ఊరుకుంటే మాత్రం అన్యాయం. జనం చెడిపోయిన చోటల్లా, ముందు జనాన్ని ఎవరో చులకన చేసి ఉంటారు. 1969 అక్టోబరులో హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్‌తో టెస్టు. పటౌడీ జట్టు 49 పరుగులకి తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. చివర్లో వెంకటరాఘవన్, బేడీ కలిసి 40 చేర్చారు. ఆ సంతోషం పట్టలేక ఓ కుర్రాడు వాళ్ళని అభినందించడానికి మైదానంలోకి పరిగెత్తాడు. కాపలావాళ్ళు కొట్టారు. అది చూసిన జనం కుర్చీలు విసిరారు, నిప్పు పెట్టారు. చివరి రోజు మనం 268 కొట్టాల్సింది 76కే ఏడు వికెట్లు పోయాయి, వాన పడింది. తెరిపిచ్చాక మైదానం ఆరబెట్టడానికి మనవాళ్ళకి చేతులు రాలేదు. న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ స్వయంగా నీళ్ళు తోడే పనికి దిగాడు. అయినా మ్యాచ్ డ్రా. సిరీస్ గెలవాల్సినవాళ్ళు 1-1తో ఇంటికెళ్ళారు. కుర్చీలు విసిరినవాళ్ళ గురించి పత్రికలు చాలా రాశాయి. నా దృష్టిలో అంతకన్నా పెద్ద సిగ్గు ఆ తడి మైదానం.

2022 సెప్టెంబరులో మళ్ళీ అదే ఊళ్ళో, ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం జింఖానా మైదానం దగ్గర వేలమంది క్యూ కట్టారు. తోపులాట, లాఠీలు, ఆస్పత్రులు. గంటల తరబడి ఎండలో నిలబెట్టి, లాఠీతో అదిలించి, లోపలికెళ్ళాక పెద్దమనిషిలా చప్పట్లు కొట్టమంటే ఎలా కొడతాడమ్మా?

కానీ ఆ హైదరాబాదే 2023 ప్రపంచకప్‌లో ఏం చేసిందో చూడు. అక్టోబరు 10న ఉప్పల్‌లో శ్రీలంక 344 కొట్టింది. పాకిస్తాన్ ఛేదనలో రిజ్వాన్ కండరాలు పట్టేసి కూలబడుతూ లేస్తూ 131 చేశాడు, షఫీక్ 113. ప్రపంచకప్‌లో అంత పెద్ద లక్ష్యం అంతకుముందు ఎవరూ ఛేదించలేదు. గ్యాలరీ మొత్తం పాకిస్తాన్ కోసం అరిచింది. రావల్పిండిలో ఆడుతున్నట్టుందని రిజ్వాన్ అన్నాడు. మనవాళ్ళు ఆడని మ్యాచ్, ఎవరికీ మొహమాటం లేదు, ఆట బాగుంది, అరిచారు. నాలుగు రోజులకి అహ్మదాబాద్‌లో మనతో ఆడి అవుటై వెళ్తున్న అదే రిజ్వాన్ చెవిన మతం పేరుతో నినాదాలు పడ్డాయి. నాలుగు రోజుల్లో అతను మారలేదు కదా.

ఓటమి గురించి కూడా ఒక మాట. 2025 అక్టోబరులో విశాఖలోనే మన అమ్మాయిలు ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా చేతిలో ఓడారు, మూడు రోజులకి 330 చేసి కూడా ఆస్ట్రేలియా చేతిలో ఓడారు. అలిసా హీలీ 142 కొట్టింది. మన కడప పిల్ల శ్రీచరణి మూడు వికెట్లు తీసినా ఆగలేదు. నవంబరు 2న కప్పు ఎత్తింది ఆ ఓడిన జట్టే. అక్టోబరులో వాళ్ళని ఇంటికి పొమ్మన్నవాళ్ళు నవంబరులో టపాకాయలు కాల్చారు. సరేలే, వాళ్ళూ మనవాళ్ళే.

ఇంక పనికొచ్చే సంగతులు. ఓవర్ నడుస్తుండగా సీట్లోంచి లేవకండి. ముఖ్యంగా సైట్‌స్క్రీన్ దాపున కూర్చుంటే బ్యాటింగ్ చేసేవాళ్ళకి మీ కదలిక అడ్డం పడుతుంది. ఓవర్ మారాక లేవండి. ఏ వస్తువూ మైదానంలోకి విసరద్దు, కాగితం ఉండ అయినా సరే. ఎవరి మీదో అభిమానం పొంగి లోపలికి దూకే పిచ్చి వద్దు. 2018లో హైదరాబాద్‌లో ఒకడు అలాగే దూకి కోహ్లీని వాటేసుకున్నాడు. చప్పట్లు కొట్టినందుకు పక్కవాళ్ళు ఎగాదిగా చూస్తే చూడనీ, రెండో ఫోర్‌కి వాళ్ళలో ఒకళ్ళు నీతో కలుస్తారు. కలవకపోయినా నష్టం లేదు.

మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు విశాఖ స్టేడియంలో స్టాండులకి పెట్టారు, వీలైతే అవి చూసి రా. కల్పన ఆటోడ్రైవర్ కూతురు, మన విజయవాడ పక్క పిల్ల. మ్యాచ్ అయ్యాక గేటు దగ్గర తోసుకోకుండా పావుగంట సీట్లోనే కూర్చోండి. 2025 జూన్‌లో బెంగళూరు స్టేడియం బయట పదకొండు మంది పోయింది తొక్కిసలాటలోనే.

మీరు రత్నాచల్‌కే ఎక్కుతారు కదా, తాడేపల్లిగూడెం స్టేషన్‌కి మీ మావయ్య వస్తాడు. అమ్మమ్మ సున్నుండలు చేసి డబ్బాలో పెట్టింది. స్టేడియంలోకి డబ్బాలు పట్టుకెళ్ళనివ్వరు, రైల్లోనే అందరూ తలా రెండు తినెయ్యండి. డబ్బా మాత్రం పారెయ్యకుండా తిరిగి తీసుకురమ్మని మీ అమ్మమ్మ మరీ మరీ చెప్పమంది.

ఆశీస్సులతో,
తాతయ్య