పాడైన హార్డ్ డిస్కులో దొరికిన 6,000 రూపాయల జమ

ఈ సంచికకు నన్ను ఎప్పటిలాగే కామర్స్ పాఠం రాయమన్నారు. దానికి బదులు 2023 జూన్ నెలలో బరంపురంలోని మన ట్రస్టు కార్యాలయంలో జరిగిన ఒక పని గురించి రాస్తున్నాను. చూడబోతే ఇదీ జమాఖర్చుల పాఠమే.

2009లో ఒక అబ్బాయి డిప్లొమా చదువుకు ట్రస్టు నుంచి 24,000 రూపాయలు వడ్డీ లేని రుణంగా తీసుకున్నాడు. ఉద్యోగం వచ్చాక 6,000 చొప్పున నాలుగు వాయిదాల్లో తీర్చాలి. 2023లో అతని ఆఖరి చెల్లెలు ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టింది. పాత బాకీ ఉన్న ఇంటికి కొత్త సాయం ఇవ్వకూడదని మన నియమం. కంప్యూటర్లో చూస్తే అన్నగారి పేరు మీద ఒక వాయిదా, 6,000 రూపాయలు, బాకీ కనబడుతోంది. వాళ్ళ నాన్నగారు వచ్చి, “బాబుగారూ, ఆ డబ్బు 2013 జులైలో నా చేతులతో నేనే కట్టాను. రసీదు ఫైలిన్ తుఫానులో పోయింది” అన్నారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మన కార్యాలయంలోకి కూడా నీళ్ళు వచ్చాయి. చేతి రాత క్యాష్ పుస్తకం, రసీదు పుస్తకాల నకళ్ళు తడిసి ముద్దయ్యాయి. 2016లో కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు పాత జాబితాను ఎవరో ఒక పాత ప్రింటు చూసి టైపు చేశారు. ఆ ప్రింటు ఏ నెలదో ఎవరూ చూడలేదు. ఇక సాక్ష్యం ఏదైనా ఉంటే అది అటక మీది పాత కంప్యూటర్లోనే ఉండాలి. దరఖాస్తుల పరిశీలనకు పన్నెండు రోజులు గడువుంది.

ఆ కంప్యూటర్ 2005లో కొన్నది. విండోస్ ఎక్స్‌పి, 80 జి.బి. హార్డ్ డిస్కు. ఏడేళ్ళుగా కరెంటు చూడలేదు. ముందుగా మదర్ బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ చచ్చిపోయి తేదీ ఎక్కడికో వెనక్కి పోయింది. అది మార్చాము. తరువాత విండోస్ బొమ్మ వచ్చి ఆగిపోయింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. మూడోసారి నీలం తెర వచ్చి డిస్కును తనిఖీ చేస్తున్నానంది. మంచిదే కదా అని నేను టీ తాగుతూ ఇరవై నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద తప్పు అదే, చేసింది నేనే. ఆ తనిఖీ చదవడంతో ఆగదు, డిస్కు మీద రాస్తుంది కూడా. చదవలేని చోట ఉన్న ఫైళ్ళ పేర్లను పట్టికలోంచి తీసేస్తుంది. ఆడిట్‌కు ముందు రాత్రి లెడ్జరులో తనకు అర్థంకాని పద్దులన్నీ కొట్టేసే గుమాస్తాను ఊహించుకోండి.

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళాలుంటాయి. అవి నిమిషానికి 5,400 గాని 7,200 గాని చుట్లు తిరుగుతాయి. వాటి మీద చదివే తల పళ్ళేన్ని తాకదు. దుమ్ము రేణువు కూడా పట్టనంత సందులో గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. 1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళాలు 50 ఉండేవి. అంతా కలిపి పట్టింది 50 లక్షల అక్షరాలే. మన 80 జి.బి. డిస్కులో ఒక్కొక్కటి 512 బైట్లు పట్టే గళ్ళు 15 కోట్ల 63 లక్షలు ఉన్నాయి. (80 జి.బి. అని కొంటే కంప్యూటర్ 74.5 అని చూపిస్తుంది. దుకాణదారు మోసం కాదు. అమ్మేవాడు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1,024తో లెక్కిస్తుంది.) ఆ గళ్ళలో కొన్ని చెడిపోతే వాటి దగ్గర తల పదేపదే ప్రయత్నిస్తూ ఆగిపోతుంది. మనకు కంప్యూటర్ బిగుసుకున్నట్టు కనబడుతుంది.

ఇక్కడ శబ్దం వినడం ముఖ్యం. టక్, టక్ అని లయగా కొడుతుంటే తల దెబ్బతిన్నట్టు. వెంటనే కరెంటు తీసేయాలి. అటువంటి దానికీ, కింద పడిన దానికీ, తడిసిన దానికీ ఇంటి వైద్యం లేదు. దుమ్ము లేని గది ఉన్న ప్రయోగశాలకే పంపాలి. మూత విప్పి చూద్దామనుకోవద్దు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని చెప్పేవారున్నారు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, ఉన్నదీ పోతుంది. మన డిస్కు కొట్టడం లేదు, ఈడుస్తోంది. అంటే ఆశ ఉంది.

నాకు సాయానికి మన ట్రస్టు సాయంతోనే కంప్యూటర్ డిప్లొమా చదువుతున్న కుర్రవాడు వచ్చాడు. వాడు మొదటి మాటగా, “తాతగారూ, దీన్ని బాగు చెయ్యకండి, ముందు నకలు తీద్దాం” అన్నాడు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడికి ఆ మాట ఒక పిల్లవాడు చెప్పాల్సి వచ్చింది.

నాలుగు స్క్రూలు విప్పి, 40 పిన్నుల వెడల్పాటి పట్టీ తీగ, కరెంటు తీగ ఊడదీసి డిస్కును బయటికి తీశాము. దాన్ని యు.ఎస్.బి.కి కలిపే ఎడాప్టర్ కొన్నాము. కొనేటప్పుడు విడిగా కరెంటు ఇచ్చేదే కొనాలి. ఈ పెద్ద డిస్కులకు 12 వోల్టులు కావాలి, యు.ఎస్.బి. తీగ నుంచి అది రాదు. విండోస్ ఉన్న కంప్యూటర్‌కు తగిలిస్తే అది డిస్కును తెరవబోతుంది, కుదరకపోతే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. కంగారులో ఒక్క నొక్కు చాలు. అందుకని లైనక్స్ ఉన్న పెన్ డ్రైవ్‌తో కంప్యూటర్ను నడిపి, డిస్కును తెరవకుండానే, డిడి రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో నకలు తీశాము.

ఈ ప్రోగ్రాము తెలివైనది. ముందు సులువుగా చదవగలిగిన భాగమంతా గబగబా రాసేసుకుంటుంది. చెడ్డ చోట్లను దాటేసి, చివరికి తిరిగి వచ్చి ఒక్కొక్క గడినీ గోకి చూస్తుంది. ఎంతవరకు చేసిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మొదలుపెట్టవచ్చు. ఆజ్ఞ రాసేటప్పుడు మొదట పాత డిస్కు పేరు, తరువాత నకలు పేరు, చివర మ్యాప్ పేరు. మొదటి రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. డెబిట్, క్రెడిట్ తిరగబడితే మరునాడు సరిదిద్దవచ్చు, ఇది దిద్దడానికి లేదు. డిస్కుల పరిమాణం చూసి ఏది ఏదో గుర్తుపట్టి, ఇద్దరమూ విడివిడిగా చదివాకే ఎంటర్ నొక్కాము. ఇంకొక చిక్కు. నకలు పెట్టే డిస్కు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటే 4 జి.బి. మించిన ఫైలు పట్టదు. మా 500 జి.బి. డిస్కు ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఉంది కనుక సరిపోయింది.

మంచి డిస్కయితే గంటలో అయ్యే పని. మాకు బల్ల ఫ్యాను గాలి పెట్టి పంతొమ్మిది గంటలు పట్టింది. చివరికి 41 ఎం.బి. చదవలేకపోయింది. తరువాత పనంతా నకలు మీదే, డిస్కును ముట్టుకోలేదు.

నకలును టెస్ట్ డిస్క్ అనే ప్రోగ్రాముతో తెరిస్తే ఫోల్డర్లు కనబడ్డాయి గాని రుణాల ఫోల్డరు ఖాళీ. నా టీ పుణ్యం. అప్పుడు దాని జోడు ప్రోగ్రాము ఫోటో రెక్ వాడాము. అది పేర్ల పట్టికను చూడదు. ప్రతి రకం ఫైలుకూ మొదట ఒక గుర్తు ఉంటుంది, ఆ గుర్తు కనబడిన చోట నుంచి ఏరుకుంటుంది. ఫైలును చెరిపినప్పుడు పోయేది పేరూ చిరునామా మాత్రమే, పైన ఇంకొకటి రాసేదాకా సరుకు అక్కడే ఉంటుంది. (కొత్త ఎస్.ఎస్.డి.లలో ఈ ఆశ పెట్టుకోవద్దు. చెరిపిన చోటును అవి తామే ఖాళీ చేసుకుంటాయి.) కాని పాత పేర్లు రావు, అంకెలే పేర్లుగా వస్తాయి. ముక్కలుగా రాసి ఉన్న ఫైళ్ళు పూర్తిగా రావు.

212 ఎక్సెల్ ఫైళ్ళు వచ్చాయి. తెరిస్తే పేర్ల వరుసంతా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు. ఫైలు చెడిపోయిందని కుర్రవాడు నీరుగారిపోయాడు. చెడలేదు. మన పిల్లలకు బడిలో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. పెద్దలు పట్టుబట్టి జాబితాలన్నీ తెలుగులో కొట్టించేవారు, ఆ రోజుల్లో అది అను ఫాంట్లతో. యూనికోడ్ కాదు గనుక ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అది పిచ్చి రాతలాగే ఉంటుంది. బీరువాలో ఫాంటు సి.డి. వెతుకుతూనే, అంకెలకు ఫాంటుతో పనిలేదు కనుక, నేను తేదీలు, మొత్తాలు చూసుకుంటూ పోయాను. మూడు సాయంత్రాలు పట్టింది. 2013 జులై రసీదుల పట్టీలో 6,000 ఒక్కచోటే ఉంది. సి.డి. దొరికి ఫాంటు ఎక్కించాక ఆ వరుసలో అబ్బాయి పేరు తెలుగులో కనబడింది.

అంతటితో ఒప్పుకోలేదు. ఎక్సెల్ ఫైలు ఎవరైనా మార్చగలరు. ఆ రోజు పట్టీలోని ఐదు రసీదుల మొత్తం 18,500. బ్యాంకు నుంచి 2013 స్టేట్‌మెంటు తెప్పించి చూస్తే మరునాడు నగదు జమ సరిగ్గా 18,500. స్టేట్‌మెంటులో పేర్లుండవు, పట్టీలో బ్యాంకు ముద్ర ఉండదు. రెండూ కలిస్తే లెక్క కుదిరింది. కమిటీ బాకీ కొట్టేసి, పరిశీలనకు రెండు రోజుల ముందు అమ్మాయి దరఖాస్తును జాబితాలో చేర్చింది. వాళ్ళ నాన్నగారితో, “తప్పు మాదేనండీ” అని కార్యదర్శిగారు చెప్పారు.

2011 సంవత్సరపు మూడు పట్టీలు మాత్రం ఇప్పటికీ రాలేదు. ఆ ఏడాది రుణం తీర్చినవారు ఎవరి దగ్గరైనా రసీదు ఉంటే దయచేసి కార్యాలయానికి తెచ్చి నకలు ఇవ్వగలరు. ఇప్పుడు ప్రతి శనివారం ట్రస్టు లెక్కలు రెండు బయటి డిస్కుల్లోకి తీస్తున్నాము. ఒకటి కార్యాలయంలో, ఒకటి కోశాధికారిగారి ఇంటి మేడ మీద ఉంటుంది. నెలకొకసారి ఒక ఫైలు తెరిచి చదివి చూసి, చూసినవారు పుస్తకంలో సంతకం పెడతారు. పాత డిస్కును కవరులో పెట్టి, మీద తేదీ రాసి బీరువాలో ఉంచాను. మీ ఇళ్ళలో ఇటువంటి డిస్కు ఏదైనా ఉంటే కరెంటు ఇవ్వకుండా ఏ ఆదివారమైనా ఉదయం పది గంటలకు కార్యాలయానికి తీసుకురండి. కుర్రవాడూ నేనూ ఉంటాము.