వ్రాసి ఉంచినవాడు
(చదువవలసిన భాగములు: యిర్మీయా 36వ అధ్యాయము, లూకా 1:1–4)

యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి యెదుట కూర్చుండి, ప్రవక్త మాటలు వ్రాయబడిన గ్రంథమును ముక్కలుగా కోసి నిప్పులో వేసిన సంగతి మనము ఎరుగుదుము. ఆ గ్రంథమును వ్రాసినవాడు బారూకు. మన ప్రసంగములలో యిర్మీయా పేరు వినబడినంతగా అతని పేరు వినబడదు. అతడు ప్రవక్త కాడు, లేఖికుడు. వినుట, వ్రాయుట, కాల్చివేసినయెడల మరల వ్రాయుట, ఇదియే అతని పని. మన కాలమునకు సమీపమున అట్టి పనికి తన జీవితమును ఇచ్చిన ఆరాం ఆందోనియాన్ అను అర్మేనియా పత్రికా రచయితను గూర్చి ఈ నెల ధ్యానింతము.

నోవహు ఓడ నిలిచిన అరారాతు పేరు ఆదికాండము 8వ అధ్యాయములో చదువుచున్నాము గదా. అర్మేనీయులు ఆ ప్రాంతపు జనులే. వారి రాజు 301వ సంవత్సరమున క్రైస్తవ మతమును అంగీకరించెనని వారి సంప్రదాయము. అయిదవ శతాబ్దపు ఆరంభమున మెస్రోప్ మాష్టోట్స్ అను సన్యాసి వారి భాషకు అక్షరములు కూర్చగా, ఆ అక్షరములతో వెంటనే పరిశుద్ధ గ్రంథమును తర్జుమా చేసికొనిరి. అక్షరమును అంత ప్రియముగా ఎంచిన జనము వారు.

ఆందోనియాన్ 1875లో ఒట్టోమాను సామ్రాజ్యపు రాజధానియైన కాన్‌స్టాంటినోపిలులో జన్మించెను. ఆ నగరమునే నేడు ఇస్తాంబులు అందురు. అక్కడ అర్మేనియా భాషా పత్రికలను నడిపెను. బాల్కను యుద్ధము జరుగుచున్న 1912, 1913 సంవత్సరములలోనే ఆ యుద్ధ చరిత్రను పెద్ద గ్రంథముగా వెలువరించెను.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1915 ఏప్రిల్ 24వ తేదీ రాత్రి, ప్రభుత్వము ఆ నగరములోని అర్మేనీయుల పెద్దలను, కవులను, బోధకులను, పత్రికలవారిని పట్టుకొనెను. రెండు వందలకు పైగా మనుష్యులను లోపలి దేశమునకు పంపిరి. వారిలో అనేకులు తిరిగి రాలేదు. ఆందోనియాన్ కూడ పట్టుబడెను. దారిలో ఆయన కాలు విరిగెను. అందుచేత అంకారా ఆసుపత్రిలో చేర్చబడి, తోడివారికి కలిగిన మరణమును తప్పించుకొనెను. విరిగిన కాలు ఒక మనుష్యుని ప్రాణమును కాపాడెనని చెప్పుకొనుట సులభమే. అయితే కాలు విరుగనివారి సంగతి ఏమి? ఈ ప్రశ్నకు మేము జవాబు చెప్పబూనుట లేదు. ఆయన పనిని చూడగా, దానిని ఆయన మరచినవాడు కాడని మాత్రము తోచుచున్నది.

తరువాత ఆయనను కూడ సిరియా వైపునకు తరిమిరి. యూఫ్రటీసు ఒడ్డున మెస్కెనెవంటి శిబిరములలో ఆకలితోను జ్వరములతోను జనులు రాలిపోవుట చూచెను. అలెప్పో పట్టణమున దాగియుండి బ్రదికెను. ఆ సంవత్సరములలో నశించిన అర్మేనీయుల సంఖ్య ఆరు లక్షలు మొదలు పదిహేను లక్షల వరకు చెప్పబడుచున్నది.

1918 అక్టోబరులో అలెప్పో బ్రిటిషువారి చేతికి వచ్చెను. చెర విడిపింపబడినవాడు మొదట ఏమి చేయును? ఇల్లు వెదకుకొనును, తనవారిని వెదకుకొనును. ఆందోనియాన్ కాగితము, కలము పట్టుకొని కాందిశీకుల యొద్దకు పోయెను. కొందరు చెప్పగా తాను వ్రాసికొనెను, కొందరిచేత వ్రాయించెను. లూకా తన సువార్త మొదటి నాలుగు వచనములలో చెప్పిన పద్ధతి ఇదియే గదా! కన్నులార చూచినవారిని అడుగుట, తరచి తెలిసికొనుట, వరుసగా వ్రాయుట. మన సంఘములలో 80 ఏండ్లు దాటిన తల్లులున్నారు. కరువులు, తుపానులు, మొదటి విశ్వాసుల శ్రమలు వారి నోటనే ఉన్నవి. వారి యొద్ద కూర్చుండి వ్రాసికొనినవారు ఎందరు?

అలెప్పోలోనే నయీం బే అను ఒట్టోమాను ఉద్యోగి ఆయనకు కొన్ని కాగితములు అందించెను. అర్మేనీయులను నిర్మూలము చేయుమని మంత్రియైన తలాత్ పాషా పంపిన తంతివార్తలు అందులో ఉన్నవని ఆందోనియాన్ 1920లో ప్రకటించెను. ఇక్కడ జాగ్రత్తగా చదువవలెను. 1983లో ఇద్దరు టర్కీ రచయితలు అవి కల్పితములని వాదించిరి. అసలు ప్రతులు కనబడుట లేదు గనుక అనేక చరిత్రకారులు వాటిని విడిచిపెట్టిరి. 2016లో తానేర్ అక్చామ్ అను మరియొక టర్కీ చరిత్రకారుడు ఇతర దస్తావేజులతో పోల్చి చూచి, అవి నిజమైనవేనని వ్రాసెను. శ్రమపడిన క్రైస్తవుల పక్షమున ఉన్నది గనుక పరీక్షింపకయే నమ్ముదమని మేము అనము. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడవలెనను ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయపు నియమము మనవారికిని వర్తించును. అయినను ఆ తంతివార్తలను ప్రక్కన పెట్టినను, జరిగినదానికి సాక్ష్యము కొరవడదు. పరదేశపు మిషనరీలు, రాయబారులు, ఒట్టోమాను అధికారులు సహా సాక్ష్యమిచ్చిరి. అలెప్పో గవర్నరుగా ఉండిన జెలాల్ బే అను ముస్లిము ఈ క్రూరత్వమును ఎదిరించి పదవిని పోగొట్టుకొనెను. టర్కీ ప్రభుత్వము మాత్రము దీనిని జాతిసంహారమని నేటికిని ఒప్పుకొనదు.

1928లో పారిసు నగరమున నుబార్ గ్రంథాలయము స్థాపింపబడగా, ఆందోనియాన్ దానికి అధిపతియై 1951లో మరణించువరకు ఆ కాగితములను కాచెను. తాను కూర్చిన సాక్ష్యములలో ఎక్కువ భాగము అచ్చుకాకయే ఆయన కన్నుమూసెను. బీరువాలలో ఉన్న ఆ కాగితములు ఏండ్ల తరబడి అట్లే ఉండెను. 1998లో రేమోన్ కెవోర్కియాన్ అను చరిత్రకారుడు వాటిలో అనేకమును ఫ్రెంచి భాషలో ప్రకటించెను. ఊరు పేరు లేని విధవరాండ్రు, అనాథ పిల్లలు అలెప్పోలో చెప్పిన మాటలు 80 సంవత్సరములకు చదువరుల చేతికి వచ్చెను.

యిర్మీయా 36వ అధ్యాయపు చివరి వచనము మరల చదువుడి. బారూకు వ్రాసిన రెండవ గ్రంథము, రాజు కాల్చినదానికంటె పెద్దది.