బ్రెయిలీ రాత.. టీచర్ ముందు తెరపై
పోటీ పరీక్షల ప్రత్యేకం: సైన్స్ అండ్ టెక్నాలజీ

- బ్రెయిలీ రాని టీచర్ కూడా అంధ విద్యార్థి రాసేది అప్పటికప్పుడు చదివేందుకు బ్రెయిలీ నోట్‌టేకర్‌ను (చుక్కల మీటలతో బ్రెయిలీ రాసే పరికరం) మానిటర్‌కు కలుపుతారు.
- అనుసంధానం: హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ లేదా బ్లూటూత్.
- పనితీరు: భారతి బ్రెయిలీలో (భారతీయ భాషల బ్రెయిలీ లిపి) విద్యార్థి 1, 3 చుక్కల మీటలు కలిపి నొక్కితే సాఫ్ట్‌వేర్ దాన్ని ‘క’గా మార్చి తెరపై చూపుతుంది. టీచర్ మామూలు కీబోర్డుపై టైప్ చేస్తే విద్యార్థి వేళ్ల కింద చుక్కలు లేస్తాయి.
- ఆ చుక్కలను లేపేది: విలోమ పీజోఎలక్ట్రిక్ ప్రభావం.

గుర్తుంచుకోండి
- సంప్రదాయ బ్రెయిలీ గడిలో చుక్కలు: 6
- కంప్యూటర్ బ్రెయిలీలో: 8
- యూనికోడ్‌లో బ్రెయిలీ నమూనాలు: 256
- లూయీ బ్రెయిలీ జననం: 1809 జనవరి 4, ఫ్రాన్స్
- ప్రపంచ బ్రెయిలీ దినోత్సవం: జనవరి 4